పిన్ని లేని పుస్తకం

గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి లైబ్రరీ వెనకగదిలో ఫ్యాను తిరగడం మొదలవుతుంది, దాని కింద కుర్చీకోసం పేచీ కూడా. రిటైరైన కండక్టరమ్మ ముందే వచ్చి, సంచీ వేసి సీటు ఆపుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ పని చేసే జనాన్ని తిట్టిపోసింది ఆవిడే. రిటైరైన నర్సమ్మ వచ్చి ఆ సంచీ తీసి కింద పెడుతుంది. రిటైరైన టైపిస్టు మాత్రం ఏ కుర్చీలోనైనా సర్దుకుంటుంది. సర్దుకోవడం ఆవిడకి ఉద్యోగంకంటే పాత అలవాటు.

ముగ్గురూ చదివేవి గొప్ప ఆడవాళ్ల జీవితకథలు. వాటితో ఉన్న చిక్కల్లా బరువే. కథలోంచి ఎవర్ని వదిలేస్తే వాళ్ల బరువంతా పుస్తకంలోకి దిగుతుంది. పర్వతాలెక్కినావిడ పుస్తకం పట్టుమని వంద పేజీలుండదు, ఎత్తడానికి ఇద్దరు కావాలి.

"ఈవిడ కొండమీదుంటే ఇంట్లో పొయ్యి ఎవరు చూశారో రాయలేదుగా మరి," అంటుంది నర్సమ్మ నడుం పట్టుకుని.

బట్టలుతికే ఒకావిడ రాసుకున్న లావుపాటి పుస్తకం మాత్రం ఫ్యాను గాలికే ఎగురుతుంది. దానిమీద నీళ్ల గ్లాసు పెడతారు.

ఆ వారం డాక్టరమ్మ ఆత్మకథ వచ్చింది. డాక్టరమ్మ అంటే టైపిస్టుకి సొంత అక్క. సాయంత్రం ఆవిడే స్వయంగా వస్తోంది. పుస్తకాన్ని టేబులుమీదికి ఎత్తలేక నేలమీదే వదిలేశారు. నర్సమ్మ చతికిలబడి చదివింది.

"'పగలూ రాత్రీ ఆసుపత్రే నా లోకం. దేవుడి దయవల్ల నా పిల్లలిద్దరూ వాళ్లంతట వాళ్లే పెరిగారు.'"

"పిచ్చిమొక్కలా ఏంటి, వాటంతటవే పెరగడానికి?" అంది కండక్టరమ్మ.

టైపిస్టు నవ్వలేదు. ఆ పిల్లల పాలసీసాలు కడిగిందీ, స్కూలు గేటు దగ్గర నిలబడిందీ తను. స్టెనో పరీక్ష రోజునే చిన్నాడికి తట్టు పోసింది, పరీక్ష పోయింది. తనకొచ్చిన సంబంధం, అక్క "పిల్లలు కాస్త పెద్దవనీ" అంటే ఆగి, ఆగి, ఇంకోచోట కుదిరిపోయింది. ఇదంతా దేవుడు తనకి అప్పజెప్పిన పనని రోజూ దండం పెట్టుకుంది కూడాను.

"అయితే పేరు దేవుడికి పోయిందన్నమాట," అంది. "ఒక్క సీసా అయినా కడిగాడేమో అడగాలి."

"అడుగు. ఆయనా పెద్ద డాక్టరేగా, అపాయింట్‌మెంటు దొరకదు," అంది నర్సమ్మ.

డాక్టరమ్మ రాగానే ఫ్యాను కింద కుర్చీ ఆవిడదైపోయింది. పెన్ను మూత తీసి, "పుస్తకం ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను," అంది. నర్సమ్మా కండక్టరమ్మా కలిసి లాగారు. కదల్లేదు.

"నిన్న సభలో నలుగురు మగవాళ్లు ఎత్తార్లెండి. కాగితం మందం," అంది డాక్టరమ్మ.

టైపిస్టు వంగి ఒంటిచేత్తో తీసింది. వదిలేసిన మనిషి చేతికి పుస్తకం దూదిలా వస్తుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు గనక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, డాక్టరమ్మ తప్ప. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అమ్మయ్య! నువ్వుంటే నాకు దిగులేముందే? ఇంకా బోలెడు ఊళ్లలో సభలున్నాయి. నాతో వచ్చెయ్. ఇది పట్టుకుని పక్కన నిలబడితే చాలు. ఇంట్లో కూచుని చేసేదేముంది?"

"గురువారాలు ఇక్కడికొస్తున్నానక్కా."

"అదీ ఒక పనేనా?"

టైపిస్టు పుస్తకం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఇందులో నేనెందుకు లేనక్కా?"

"నువ్వు ఇంటిమనిషివి కదే! పరాయివాళ్లలా నీ గురించి రాస్తే ఏం బాగుంటుంది?"

ఆ మాటలో అబద్ధం లేదు, ప్రేమ కూడా ఉంది. అందుకే టైపిస్టు మొహంలోకి మళ్లీ ఆ సర్దుకునే చూపు వచ్చేసింది.

"సంతకం పెడతానన్నావుగా," అని టైపిస్టు పుస్తకం తెరిచి అక్క ఒళ్లో పెట్టింది. కుర్చీ కిర్రుమంది.

"అబ్బా! తియ్యవే, కాళ్లు పోతున్నాయి!"

"నా గురించి ఒక్క ముక్క రాయక్కా, తేలికవుతుంది. పెన్ను చేతిలోనే ఉందిగా."

డాక్టరమ్మ తెల్లపేజీ వంక చూసింది. చెల్లెలి వంక చూసింది. చాలాసేపు చూసి, పెన్నుకి మూత పెట్టేసి, "బయట ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది.

ముగ్గురూ మెట్లు దిగుతుంటే రెండో కేక వినిపించింది, ఈసారి చెల్లెల్ని పిలుస్తూ. టైపిస్టు కాళ్లు వాటంతటవే ఆగాయి.

"రైట్, రైట్!" అంది వెనకనుంచి కండక్టరమ్మ.

కాళ్లు కదిలాయి. ఏడుపు మాత్రం బస్సెక్కాక వచ్చింది.