మూతబడిన నత్తలు

వానలు ఆగేముందు చవగ్గా కొన్న నత్తలను బిరాగో బుట్టల్లో ఆకులు పరిచి వెనక గదిలో దాచింది. అడవిలో నత్త దొరకని ఎండల్లో అమ్మితేనే ఆ బేరానికి అర్థం. ఇప్పుడు ఎడారి గాలి తెచిమాన్ సంతనంతా దుమ్ముతో కప్పేసింది. నత్తలన్నీ గుల్ల నోటికి తెల్లటి పొర అడ్డం పెట్టుకుని లోపల ముడుచుకున్నాయి. తినవు, కదలవు, పెరగవు.

"అక్కా, రాళ్ళ వ్యాపారం ఎప్పుడు మొదలెట్టావు?" పక్క కొట్టులో ఎండుచేపలమ్మే న్యార్కోవా వెక్కిరించింది.

"నీ చేపలకంటే నయంలేవే. ఇవి బతికే ఉన్నాయి."

"ఏం చేస్తున్నాయని బతికున్నట్టు? ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు గదా!"

ఆ మాట బిరాగోను తొలిచేసింది. ఎప్పుడూ తన దగ్గరే కొనే అడోమా శనివారం వాళ్ళ నాన్న అంత్యక్రియలకు వంట చేయిస్తోంది. పులుసులో ఒక్క చచ్చిన నత్త పడినా కుండంతా కంపే. ఆపైన సంతలో బిరాగో దగ్గర ఎవరూ కొనరు. ఒక నత్తను అరచేతిలో పెట్టి తూచింది. నిన్న చచ్చినది కూడా బరువుగానే ఉంటుంది. ఉండబట్టలేక ఒకదాని పొర గోటితో చీల్చింది. లోపలి మాంసం చటుక్కున వెనక్కి జరిగింది. హమ్మయ్య! కానీ ఇది బతికుంటే పక్కది బతికున్నట్టా? ఇంకోటి చీల్చింది. మరొకటి. పొద్దుగూకేసరికి ఒక బుట్ట మొత్తం తెరిచేసింది. అన్నీ బతికే ఉన్నాయి, నురగ కక్కుతూ పాకుతున్నాయి. పొర పోయిన నత్త ఈ గాలికి శనివారం దాకా ఆగదు.

మర్నాడు అడోమా వచ్చింది. "ఈ పాకేవాటి బుట్ట ఇచ్చెయ్ వదినా."

సరేనన్న మాట బిరాగో నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చేస్తే నష్టం తన గుమ్మం దాటిపోతుంది.

"ఇవి ఇవాళే వండుకోవాలి. శనివారానికైతే ఆ మూసుకున్నవి పట్టుకెళ్ళు."

"చచ్చినవి నాకు అంటగడుతున్నావా?"

"నీళ్ళు చల్లి చూడు. లేవకపోతే మీ చుట్టాలందరి ముందూ నన్ను పేరు పెట్టి తిట్టు."

అడోమా గొణుక్కుంటూనే తీసుకెళ్ళింది.

శనివారం బిరాగో కొట్టు మూసి, నల్లగుడ్డ కట్టుకుని చావింటికి వెళ్ళింది. పెరట్లో నత్తలను పెద్ద పళ్ళెంలో పోసి నీళ్ళు చల్లారు. ఏమీ జరగలేదు. అడోమా బిరాగో వంక చూసింది. బిరాగో కూర్చోలేదు, ఒకచోట నిలబడలేదు. అంతలో ఒక పొర చెమ్మగిల్లి ఊడింది. కొమ్ములు బయటికొచ్చాయి. ఆ పక్కది. ఆ వెనకది.

"లేస్తున్నాయి వదినా!" అంది అడోమా, కత్తి అందుకుంటూ.

ఒక్కటి మాత్రం కదల్లేదు. బిరాగో దాన్ని తీసి ముక్కుకు ఆనించుకుంది. కంపు లేదు. మళ్ళీ నీళ్ళు చిలకరించి, దాని ముందే గొంతుక్కూర్చుంది.