నంబరు చెప్పేశాక

కూతురికి ఉద్యోగం రాకముందు రాదేమోనని బెంగ, వచ్చాక వచ్చిందే అని బెంగ. ధనమ్మకి బెంగ లేని పొద్దు లేదు.

ఆవిడ మొగుడు రత్తయ్య పెడన దగ్గర రైలు గేటు కాపలా ఉద్యోగంలో ఉండగానే, నిద్దట్లో గుండె ఆగి పోయాడు. ఆయన పోయాడని ఉద్యోగం కూతురు దుర్గాభవానికి ఇచ్చారు. శిక్షణ అయ్యాక, భూమ్మీద ఇంకో గేటు లేనట్టు, ఆ గేటుకే వేశారు.

"నన్ను చూసి ఇచ్చారా అమ్మా? నాన్న ఫొటోకి దండ పడిందని ఇచ్చారు." రోజూ ఇదే పాట. యూనిఫాం వేసుకుంటే ఎవరిదో దొంగిలించి తొడుక్కున్నట్టుంటుందట. పచ్చజెండా పడితే నాటకంలో వేషం కట్టినట్టుంటుందట. గేటు దగ్గర పాలవాడు సెల్‌ఫోను చూసుకుని నవ్వినా, తనని చూసే నవ్వాడంటుంది. "ఎప్పుడో ఎవరో వచ్చి, నువ్వెవరమ్మా ఇక్కడ, లే, అంటారు. చూస్తూ ఉండు."

వినీ వినీ ధనమ్మకి ఒళ్ళు మండేది. మండి ఊరుకున్నా బాగుండేది. ఇది ఇన్నిసార్లు అంటోందంటే నిజంగానే దీనికి చేతకాదేమోనని అనుమానం పట్టుకుంది. బళ్ళు గుద్దుకున్నట్టు, పోలీసులు ఇంటికొచ్చినట్టు కలలు. ఇక ఆగలేక, క్యారేజీ ఇచ్చే వంకన రోజూ గేటు దగ్గరకి వెళ్ళడం మొదలెట్టింది. గేటు గదిలోకి బయటివాళ్ళు రాకూడదు కాబట్టి గొడుగేసుకుని బయట కుర్చీలో కూచునేది. భవాని గేటు దించగానే లేచెళ్ళి, గట్టిగా పడిందో లేదో చేత్తో ఊపి చూసి వచ్చేది.

"ఇద్దరు ఉద్యోగస్తులండీ ఈ గేటుకి, జీతం మాత్రం ఒకటే!" అని ఆటోవాళ్ళు ఇకిలించేవాళ్ళు.

"అమ్మా, నువ్వు ఊపి చూస్తే వాళ్ళు నన్నేమనుకుంటారే?"

"ఊపకపోతే నాకు అన్నం దిగదు. నేనేం చెయ్యను?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. ఈ నెలాఖరుకి మానేస్తానని రాసిచ్చేస్తున్నాను. గుడివాడలో బట్టల కొట్లో నిలబడి చీరలు చూపించుకున్నా ఇంతకంటే నయం."

మానేస్తే ఇల్లెలా గడుస్తుందని ఒక భయం. మానకపోతే ఏమవుతుందని ఇంకో భయం. ఏ భయాన్ని నోటితో అనాలో తెలియక, "నీ ఇష్టం, నన్ను చంపి మానెయ్" అంది ధనమ్మ.

ఇంతలో ధనమ్మ అన్న నాగభూషణం కొడుకు సాయితేజ పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారిల్లు గేటుకి ఇవతల, కళ్యాణమండపం గేటుకి అవతల. భవానికి సెలవు దొరకలేదు. దారిలో అన్నయ్య కారు ఎక్కేద్దామని ధనమ్మ పట్టుచీర కట్టుకుని, కూతురి క్యారేజీ పట్టుకొచ్చి, మామూలుగా తన కుర్చీలో కూచుంది.

గదిలో ఫోను మోగింది. భవాని చక్రం తిప్పి గేటు దించి, లోపలికెళ్ళి స్టేషనుకి నంబరు చెప్పింది. గేటు వేసేశాను, బండి వదలండి అని చెప్పడానికి ఆ నంబరే గుర్తు. ఒకసారి చెప్పాక, ఆ బండి దాటేదాకా దేవుడు దిగొచ్చినా గేటు ఎత్తకూడదు.

అప్పుడొచ్చాయి పూలకారూ, వెనక రెండు బస్సులూ. బండి మాత్రం రాదు. గూడ్సు బండి, దాని నడక దానిది. పెళ్ళివారి హారన్లకి ధనమ్మ చెవులు చిల్లులు పడ్డాయి.

నాగభూషణం పంచె ఎగ్గట్టి దిగాడు. "అమ్మాయ్ భవానీ! ఎత్తమ్మా, ముహూర్తం దాటిపోతోంది!"

"బండి వస్తోంది మావయ్యా."

"ఏదీ? కనుచూపు మేరలో కాకి కూడా లేదు. మేనమామని గేటు కాడ నిలబెడతావా?"

భవాని మొహం పాలిపోయింది. ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "ధనం! నువ్వైనా చెప్పు. మీ ఆయన పోతే దయతలిచి ఇచ్చిన ఉద్యోగమేగా, దానికింత బెట్టా?"

ఆ మాటకి ధనమ్మకి కడుపు మండింది. మండినా, ముహూర్తం తప్పిన పెళ్ళి, దాని పాపం, రేపట్నుంచి పుట్టింటి గడప, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. గది గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించి, "ఒక్క నిమిషం ఎత్తి దించెయ్యవే. ఎవరు చూస్తారు?" అంది.

రోజూ గేటు ఊపి చూసే మనిషి ఆ మాట అనేసరికి భవాని ఆవిడకేసి వింతగా చూసింది. ఈలోగా మండపం నుంచి ఎవరో ఫోనులో అరిచారు గావును, పెళ్ళికొడుకు కారు దిగి బాసికం చేత్తో పట్టుకుని గేటు కిందనుంచి దూరబోయాడు.

"బావా! ఆగక్కడ!"

హారన్లు ఆగిపోయాయి. ఇంట్లో బొద్దింకని చూసి మంచమెక్కే పిల్లదా ఆ గొంతు? భవాని ఎర్రజెండా పట్టుకుని గేటు దగ్గరకి వచ్చేసింది.

"ఇంకో అడుగేస్తే పెళ్ళికొడుకువని చూడను, కేసు రాయిస్తా. మావయ్యా, ఉద్యోగం దయతలిచి ఇచ్చారేమో. నేను దొంగ ఉద్యోగినే అనుకో. నేనిచ్చిన నంబరు దొంగది కాదు. అది నమ్మి అక్కడ ఒకాయన బండి వదిలాడు."

సాయితేజ వంగినవాడు వంగినట్టే వెనక్కి వెళ్ళాడు. నాగభూషణం "చూశావా నీ కూతుర్ని!" అని చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

ధనమ్మకి అప్పుడొచ్చింది విసుగు. అన్న మీద, కూతురి మీద, పోయిన మొగుడి మీద, అన్నిటికంటే తన మీద. "చూశానులే అన్నయ్యా! ముహూర్తం తెలిసినవాడివి, రైలు గేటు ఉందని తెలియదా? ఇంకాస్త ముందు బయల్దేరి చావకపోయారా? వెళ్ళి కార్లో కూచో!"

నాగభూషణం నోరు తెరిచేలోగా కూత వినిపించింది. పెట్టె తర్వాత పెట్టె, తెమిలే బండి కాదది. భవాని పచ్చజెండా చాచి, చివరి పెట్టె దాటేదాకా కన్నార్పకుండా నిలబడింది. తర్వాత స్టేషనుకి ఫోను చేసి, చక్రం తిప్పింది. కార్లూ బస్సులూ దుమ్ము లేపుకుంటూ పోయాయి. ధనమ్మని ఎక్కించుకోవాలని ఎవరికీ గుర్తు రాలేదు.

"ముహూర్తం అందిందంటావా?" అంది ధనమ్మ, కుర్చీలో కూలబడి.

"పంతులుగారు సాగదీస్తాడులే. క్యారేజీలో ఏముంది?"

"పెళ్ళి భోజనమని నేనేం వండలేదు. చద్దన్నం, ఆవకాయ." ధనమ్మ గిన్నె మూత తీస్తూ, అడగనా వద్దా అని తటపటాయించి అడిగేసింది. "నెలాఖరుకి రాసిస్తానన్నావు కదే."

భవాని ముద్ద కలుపుకుని ఆవకాయ ముక్క కొరికింది. "వచ్చేవారం నుంచి నాకు రాత్రి డ్యూటీ వేశారు. ముందది చూడనీ."

"రాత్రా!" ధనమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ఇక్కడ పాములు తిరుగుతాయే! తాగుబోతులు! కరెంటు పోతే?"

"అమ్మా."

"ఊ."

"గేటు ఊపడానికి మాత్రం రాకు."