ముందు దువ్వెన

ఆదివారం పొద్దున్నే దర్జీకి పౌరుషం పుట్టుకొచ్చింది. సాయంత్రం మరదలు వస్తానంది. "జూలుగాణ్ణి చూస్తాను బావా. బాగుంటే మీ దగ్గరే ఉంచుకోండి, లేదంటే నేను తీసుకెళ్తా. అక్కకి మాటిచ్చాను," అని ఫోన్లో ఖరాఖండిగా చెప్పేసింది. భార్య పోయి నాలుగు నెలలు. ఆయన కోసం గుమ్మం దాకా ఎదురొచ్చే ప్రాణి ఆ కుక్క జూలుగాడొక్కడే. వాడూ వెళ్లిపోతే ఇక ఇంట్లో కుట్టుమిషను చప్పుడే.

నాలుగు నెలలుగా వాడి ఒంటిమీద దువ్వెన పడలేదు. జానెడు పొడుగు బొచ్చు చెవుల వెనక, చంకల్లో ఉండలు కట్టింది. నీళ్లు పోస్తే అవే విడిపోతాయనుకున్నాడు మహానుభావుడు. టబ్బులో నిలబెట్టి, షాంపూ పెట్టి, బట్టలుతికినట్టు రెండు చేతులా రుద్దాడు.

ఉండలు విడిపోలేదు సరికదా, తడికి ఇంకా బిగుసుకున్నాయి. దువ్వెన పళ్లు రెండు విరిగాయి. తలప్రాణం తోకకొచ్చాక అప్పుడు గుర్తొచ్చింది. మంచాన పడ్డాక కూడా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. "ఏవండీ, పొడిగా ఉన్నప్పుడే దువ్వాలి. చిక్కులన్నీ పోయాకే నీళ్లు." ఈయన మిషను మీంచి తలెత్తకుండానే "సరేలే, కుక్కకి ఎన్ని సోకులో" అనేవాడు.

ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన చేయి, ఇంకేం భయం? చెవి వెనక ఉండని పైకి లాగి, మొదలు దగ్గర ఒక్క కోత కోశాడు. ఉండతో పాటు చర్మం కూడా లేస్తుందని గుడ్డలు కోసేవాడికేం తెలుసు? జూలుగాడు కుయ్యోమన్నాడు. నురగ ఎర్రబడింది.

వాడు కరిచినా బాగుండేది. టబ్బులోంచి దూకి, ఆవిడ మంచం కిందకి దూరి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. దర్జీ నేలమీద బోర్లా పడి, "రారా, నేనేరా," అంటూ చేయి చాపాడు. ఆ చేతిని చూసి వాడు ఇంకా లోపలికి జరిగాడు. భార్య పోయిన రోజు కూడా ఆయన అంతగా ఏడవలేదు.

సాయంత్రం మరదలి గొంతు వినగానే వాడు బయటికొచ్చాడు. చెవి వెనక రక్తం గడ్డకట్టి ఉంది.

"ఏంటిది బావా?"

"నేనే కోశాను. డాక్టరుకి చూపించి నీ దగ్గరే ఉంచుకో," అని గొలుసు ఆమె చేతిలో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగలేక అన్నాడు, "పొడిగా ఉన్నప్పుడే దువ్వమ్మా. చిక్కులన్నీ పోయాకే నీళ్లు."

"తెలుసు బావా," అంది మరదలు. "అక్క నాకూ చెప్పింది."