మిఠాయి బీరువాలో కథల పటం

నేను ఒక పటాన్ని. గోడకు మేకు కొట్టి తగిలించే రకాన్ని కాదు లెండి. చాపలా చుట్టి, భుజాన వేసుకుని, ఊరూరా తిప్పి చూపించే కథల పటాన్ని. నన్ను పూర్తిగా విప్పితే వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వస్తాను. చెప్పేసిన బొమ్మ ఒక కర్రకు చుట్టుకుంటుంది, చెప్పబోయే బొమ్మ రెండో కర్ర నుంచి విచ్చుకుంటుంది. మా కాలపు సినిమాను నేనే అనుకోండి.

నా ఒళ్ళు నేతగుడ్డ. చింతగింజల జిగురూ సుద్దా కలిపి పూస్తే గట్టిపడ్డాను. పటాలు గీసే నకాషీ వాళ్ళ ఇంట్లో పిల్లా పెద్దా అందరూ నా మీద వంగి రంగులు వేశారు. కళ్ళు మాత్రం చిట్టచివర, కొబ్బరికాయ కొట్టాకే దిద్దారు. కళ్ళు తెరవగానే నాకు కనిపించిన మొదటి మనిషి రాజలింగు. నన్ను చేయించుకున్న కథకుడు. పక్కన అతని పెళ్ళాం సాయవ్వ.

నాలో ఉన్నది రత్నాంగి అనే నేతగాళ్ళ పిల్ల కథ. అన్నలు ఒక మాట అన్నారని పౌరుషపడి ఇల్లు విడిచి, అడవిలో దారి తప్పి, రేల చెట్టు కింద కూర్చుని ఏడుస్తుంది. చివరికి సాలీడు దగ్గర కొత్త నేత నేర్చుకుని ఇల్లు చేరుతుంది. రాజలింగు చేతికర్రతో బొమ్మలు చూపిస్తూ చెప్పేవాడు, సాయవ్వ వెనక కూర్చుని తాళం వేసేది. చెప్పేది మొగుడు, తప్పు దిద్దేది పెళ్ళాం. అయినా ఆ వంశంలో ఆడవాళ్ళు కర్ర ముట్టరు. మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి, మనం అడగకూడదు.

వాళ్ళకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఎత్తుకున్న కథను మంగళహారతి పాడేదాకా దించకూడదు. పటం పాతబడితే, కథ ఒకసారి నిండుగా చెప్పి, పసుపు కుంకుమలు పెట్టి గోదారిలో, వాళ్ళ మాటలో గంగలో, కలపాలి. మాకు అదే సద్గతి.

నాగులపేటలో ఒక సాయంత్రం, రేల చెట్టు బొమ్మ దగ్గర రాజలింగు గొంతు ఆగిపోయింది. ఛాతీ పట్టుకుని నా ముందే కూలబడ్డాడు. "సాయవ్వా, ఆ పిల్లను ఇంటికి తోల్కపో" అన్నాడు. ఆ మాటతోనే ప్రాణం పోయింది.

కథ సగంలో ఆగిన పటాన్ని గోదారిలో కలపలేరు. ఇంట్లో పెట్టుకుందామంటే సాయవ్వ నా వైపు చూడలేకపోయేది. అప్పుడు వచ్చాడు ఆ ఊరి డ్రాయింగు మాస్టారు ఆనందాచారి. మూతపడ్డ చేనేత సంఘం గోదాములో ఆయన మ్యూజియం పెడుతున్నాడు. "సారుకు పిచ్చి లేసింది, పాతసామాన్ల దుకాణం వెడుతున్నడు" అని ఊరంతా నవ్వింది. నవ్వుతూనే విరిగిన మగ్గాలూ, తాతల నాటి చీరలూ, కొయ్యబొమ్మలూ తెచ్చి ఇచ్చింది. దుకాణం ఎత్తేసిన మిఠాయి సేటు తన అద్దాల బీరువా ఇచ్చాడు. అందులో నన్ను పెట్టారు. ఇప్పటికీ ముసురు పట్టిందంటే నాకు నెయ్యి వాసన వస్తుంది.

నన్ను ఇచ్చేసి సాయవ్వ మహారాష్ట్రలోని భీవండిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తిప్పితే రంగు పెచ్చులూడుతుందేమోనని భయపడి, సారు నన్ను వచ్చినదాన్ని వచ్చినట్టే తెరిచి ఉంచాడు. అదే రేల చెట్టు. అదే ఏడుపు. ఏళ్ళు గడిచాయి.

ఫిర్యాదు చెయ్యడం లేదు, నేను సుఖంగానే బతికాను. ఎండాకాలం బజారంతా చల్లదనం కోసం నా దగ్గరికి వచ్చేది. అక్కడే బీడీలు చుట్టారు, పెళ్ళిచూపులు చూసుకున్నారు, పరీక్షలకు చదివారు. ఫోటో దిగేవాళ్ళు మాత్రం నాకు వీపు పెట్టేవారు. పిల్లలు "ఆమె ఎందుకు ఏడుస్తుంది సారూ?" అని అడిగితే, వెంట వచ్చిన పంతులు "హోంవర్కు చేయలే" అనేవాడు. ఓరి నీ తెలివి తెల్లారిపోనూ!

ఒకనాడు పెళ్ళికని వచ్చిన భీవండి చుట్టాలు లోపలికి వచ్చారు. వాళ్ళలో ఒక నెరిసిన తల అద్దానికి దగ్గరగా వంగింది. సాయవ్వ!

"అయ్యో బిడ్డా, ఇంకా ఈడనే కూసోని ఏడుస్తున్నవా?" అంటూ ఆమె బీరువా ముందే చతికిలబడింది. ఆనందాచారి పరుగెత్తుకొచ్చాడు. రాజలింగు చివరిమాట అప్పుడు చెప్పింది ఆయనకు. "ఆయన మాట నేను దీర్వలే సారూ. కథ నిండాలె. నిండినంక గంగల కలుపుత."

సారు ముఖం పాలిపోయింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో సగం మంది నన్ను చూడటానికే వస్తారు మరి. అయినా ఆయన తాళంచెవి తీశాడు. "చెప్పక్కా" అన్నాడు.

"మా ఇంట్ల ఆడోళ్ళు కర్ర వట్టరు సారూ."

"పట్టేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఎవలు లేరు."

"మరింకేంది? నువ్వే పట్టు."

ఆ శుక్రవారం ఊరు ఊరంతా గోదాములో ఉంది. బీడీలు చుట్టే చేతులే నా అంచులు పట్టుకున్నాయి. సాయవ్వ కర్ర ఎత్తింది. రేల చెట్టు కింది నుంచి పిల్ల లేచింది. సాలీడు వచ్చింది, కొత్త నేత వచ్చింది, అన్నలు గడపలో ఎదురొచ్చారు. "ఇల్లు జేరింది నా తల్లి" అన్నప్పుడు ఆడవాళ్ళు హారతి పళ్ళాలు ఎత్తారు. సాయవ్వ ఏడ్చింది. నాకు కన్నీళ్ళుంటే రంగులన్నీ కారిపోయేవి.

సారు నన్ను చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు. "నీ పటం అక్కా. మాటంటే మాటే" అన్నాడు. సద్గతి అంటారు గానీ, నిజం చెప్పొద్దూ, నాకు నీళ్ళంటే భయం వేసింది.

సాయవ్వ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఊరివాళ్ళ ముఖాలు చూసింది. "గంగల కలిపితే చేపలు జూస్తయి. ఈడుంటే పోరగాండ్లు జూస్తరు. ఈడనే ఉండనియ్యుండ్రి. గని సారూ, నా బిడ్డను ఒక్కకాడ కూసోవెట్టకుండ్రి. నడిపియ్యుండ్రి."

ఆనాటి నుంచి శుక్రవారం శుక్రవారం నాలో ఒక బొమ్మ తిరుగుతుంది. కథ ముందుకు ఏమైందోనని జనం పని మానుకుని వస్తారు. ఒక గుడ్డముక్కకు ఇంతకన్నా ఏం కావాలి? నేసినవాళ్ళకూ, గీసినవాళ్ళకూ, మోసినవాళ్ళకూ, నవ్వుతూనే నన్ను కాపాడిన ఈ ఊరికీ రుణపడి ఉన్నాను.

మొన్న శుక్రవారం మళ్ళీ రేల చెట్టు వచ్చింది. భీవండి నుంచి సాయవ్వ ఫోను చేసింది. సారు స్పీకరు పెట్టి నా అద్దం దగ్గర పట్టుకున్నాడు.

"పిల్ల యాడిదాంక వచ్చింది సారూ?"

సారు నోరు తెరిచేలోగా బీడీలు చుట్టేవాళ్ళు, పిల్లలు, ఎండకు వచ్చినవాళ్ళు అందరూ ఒక్కసారే అరిచారు.

"రేల చెట్టు కాడ ఏడుస్తుందవ్వా! నువ్వు ఫికరు జెయ్యకు, మేం తోల్కపోతం!"