గోడ అవతల పడిన పొలి

పొలిగంప నెత్తికెత్తుకున్న మనిషి తిరిగి ఊరి నడుమ బొడ్రాయి దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పకూడదు, వెనక్కి తిరగకూడదు, గంప దించకూడదు. మేకపోతు నెత్తురు కలిపిన ఆ అన్నాన్ని పొలిమేర పొడుగునా పిడికెడు పిడికెడు చల్లుకుంటూ పోవాలి. చల్లిన గీతకు లోపలున్నదే ఊరు. రాళ్లకుంట పుట్టినప్పటి నుంచి ఈ పని మైసయ్య ఇంటివాళ్లదే.

శామీర్‌పేట చెరువుకు ఎగువన, కరువులో వలస వచ్చిన నాలుగు కుటుంబాలు రాయి పాతుకుంటే అయిన ఊరది. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు మైసయ్య తాత గంప మోస్తే రోగం పొలిమేర దాటలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయిన వానాకాలం జ్వరాలతో ఇద్దరు పిల్లలు పోయారు. అందుకే ఈ ఏడు పొలి చల్లాల్సిందేనని పెద్దలు పట్టుబట్టారు.

మైసయ్య దిగులు వేరు. తుర్కపల్లి దిక్కు ల్యాబులు లేచాక ఊరి భూములన్నీ ప్లాట్లయ్యాయి. నిరుడు ఆ ప్లాట్లలో వెలసిన కాలనీవాళ్లు ఊరి శ్మశానమైన బొందలగడ్డను కూడా కలుపుకొని గోడ కట్టారు. చనిపోయిన అతని భార్య నర్సమ్మ ఆ గోడ లోపలే ఉంది. పాత పొలిమేర మాత్రం బొందలగడ్డకూ అవతల, తుమ్మచెట్ల మీదుగా పోతుంది.

గంప ఎత్తుకోకముందే మైసయ్య, సర్పంచికి తమ్ముడైన లింగాన్ని పక్కకు పిలిచాడు.

"గేట్ల నుంచే పోవాలె లింగం. మీ వదిన ఆడ్నే ఉంది."

"ఫికర్ జెయ్యకు మైసన్నా. నేను మాట్లాడ్త గద."

చంటిపిల్లను చంకనేసుకున్న కోడలు సత్తమ్మ చెంబు అందించింది. "తాగు మామా. మల్ల నీళ్లడుగుదామన్నా నోరు లేకపాయె నీకు."

ఎండ వాలుతుండగా డప్పులు కాలనీ గేటు చేరాయి. వాచ్‌మన్ గేటు తియ్యలేదు. లోపలి నుంచి కాలనీ సంఘం కార్యదర్శి జయకృష్ణ వచ్చాడు. భీమవరం వైపు మనిషి, మాటలో మర్యాద.

"ఏమనుకోకండి. ఆ నెత్తురన్నం చూస్తే పిల్లలు దడుచుకుంటారు. అక్కడిప్పుడు పార్కండీ. ఉయ్యాలలు వేశాం."

"మావోళ్లను బొందపెట్టిన జాగ సార్ అది," అన్నాడు లింగం.

"ఆ సంగతి మాకు అమ్మినవాళ్లు చెప్పలేదండీ." జయకృష్ణ లింగం వైపు తిరిగాడు. "అమ్మినవాళ్లలో మీ అన్నయ్యగారూ ఉన్నారు కదా."

డప్పులు ఆగాయి. లింగం మైసయ్య వైపు చూడలేదు.

"సరే, మీతోని లొల్లెందుకు. మైసన్నా, గోడ ఇవతలి నుంచే పోదాం. ఇగ గదే పొలిమేర అనుకుందాం."

"సచ్చినోళ్లకు మల్ల జ్వరమొస్తదా ఏంది," అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు.

గోడే పొలిమేరయితే నర్సమ్మ ఊరి బయట పడుతుంది. మైసయ్య గొంతులోకి మాట వచ్చింది. ఒక్క మాటతో పొలి చెడిపోతుంది. జ్వరంతో బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుంపులోనే నడుస్తోంది. గంప ఎత్తేటప్పుడు ఆమె అతని కాళ్లకు మొక్కింది. అతను మాట మింగి గోడ వెంట నడిచాడు.

గోడ మీదుగా వేపకొమ్మ కనిపించింది. ఆ చెట్టు మొదట్లోనే నర్సమ్మను పడుకోబెట్టారు. అక్కడ ఆగి, చేయి గంపలో పెట్టి, పిడికెడు అన్నం గోడ మీద నుంచి లోపలికి విసిరాడు. మళ్లీ విసిరాడు. లోపల కిర్రుమంటున్న ఉయ్యాల ఆగింది.

"గట్ల జేస్తే అన్నం అయిపోతది మైసన్నా," లింగం గొంతు తగ్గించి అన్నాడు.

అతను ఆగలేదు.

చివరి మలుపు మైసయ్య వాళ్ల వాడ వెనక. అక్కడికి వచ్చేసరికి చేతికి గంప అడుగు తగిలింది. ఉత్త పిడికిలి బిగించి, చల్లినట్టే చెయ్యి ఊపుతూ నడిచాడు. డప్పుల దుమ్ములో వెనకవాళ్లకు తెలియలేదు.

బొడ్రాయి దగ్గర గంప దించుతూ లింగం అందులోకి చూశాడు.

"సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు మైసయ్య. అదే మొదటి మాట.

లింగం గంప బోర్లించి పక్కన పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు సత్తమ్మ మామను వెతుక్కుంటూ వచ్చింది. అతను వాడ వెనక, అన్నం పడాల్సిన చోట, ఉత్త నేల మీద కూర్చుని ఉన్నాడు.

"గీడ కూసున్నవేంది మామా? ఇంట్లకు రా."

"నువ్వు పో. పిల్లను బయటికి తేకు."

"ఎందుకు? ఇగ పొలి చల్లితిమి గద."

మైసయ్య మోకాళ్లు కొంచెం ఎడంగా జరుపుకొని, దారికి అడ్డంగా కూర్చున్నాడు.