తమ్ముడు కలిపిన పైపు

నా బ్యూటీ పార్లర్‌లో మురుగు మళ్లీ పొంగింది. అదీ ఎప్పుడు? ఎప్పుడూ నా దగ్గరికే వచ్చే టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని తల నాకు అప్పగించినప్పుడు. షాంపూ నురగలో వేళ్లు పెట్టానో లేదో, నేలమీది జాలీలోంచి గుడగుడమంటూ నల్లనీళ్లు పైకొచ్చాయి. ఆవిడ "అమ్మో, ఏం కంపు!" అంటూ రెండు కాళ్లూ కుర్చీమీదికి లాక్కుంది. నురగ తలకే తువ్వాలు చుట్టుకుని బయటపడింది. వెళ్తూ వెళ్తూ, "ఇక నేను రానమ్మా, ఏమీ అనుకోకు," అంది. ఏమనుకుంటాను, నా మొహం!

ఈ బిల్డింగు పాతదే. గోడలు మాత్రం ఉంచి లోపలంతా కొత్తగా చేశారు. ఆ పని చేయించిన కాంట్రాక్టరు నా సొంత తమ్ముడు. "కింది గది నువ్వే తీసుకో అక్కా. నా చేతిమీద జరిగిన పని, నీకేం భయం?" అన్నాడు. బంగారంలా నడుస్తున్న పాత పార్లర్ వదిలేసి వచ్చాను. అక్కడ ఇప్పుడు మందుల షాపు పెట్టారు. ఇది మూతపడితే నాకు వెనక్కి వెళ్లడానికి చోటు లేదు.

పొంగినప్పుడల్లా తమ్ముడు మనిషిని పంపి శుభ్రం చేయించేవాడు. "నీ పార్లర్ వెంట్రుకలే అక్కా, పైపుకు అడ్డం పడుతున్నాయి," అనేవాడు. నమ్మాను. జాలీకి గుడ్డ కట్టాను. నేలమీద రాలిన వెంట్రుకలన్నీ వంగి వంగి ఏరాను. బిల్డింగు ఓనరు, "మీ తమ్ముడి పనిలోనే ఏదో తేడా ఉందమ్మా," అంటే ఆయన మీద ఒంటికాలిపై లేచాను. తోడబుట్టినవాణ్ని వెనకేసుకు రాకపోతే ఇంకెవర్ని వెనకేసుకొస్తాను?

టీచరమ్మ వెళ్లాక బురద నేనే ఎత్తాను. జాలీకి కట్టిన గుడ్డ పక్కకు తోసుకుపోయింది. చేటలోకి వచ్చిందంతా టీ పొడి, బంగాళాదుంప తొక్కలు, గడ్డకట్టిన నూనె. నా పార్లర్‌లో పొయ్యి లేదు. పొయ్యి ఉన్నది మేడమీది క్యాంటీన్‌లో.

ఫోను చేసి తమ్ముణ్ని రప్పించాను. చేట వాడి ముక్కు కింద పెట్టాను.

"ఏరా, ఇవేం వెంట్రుకలురా? ఎవరి నెత్తిమీద మొలిచాయి?"

వాడు చేటను పక్కకు నెట్టాడు. "క్యాంటీన్‌కి వేరే లైను వెయ్యాలక్కా. దానికి బయట రోడ్డు తవ్వాలి, పర్మిషన్ లేటయ్యింది. ఓనరేమో తొందర పెట్టాడు. ఆయనకి చెప్పకుండా నీ పైపులోనే కలిపేశా."

"నేను గది తీసుకోకముందేనా?"

తల ఊపాడు.

"అన్నీ తెలిసి నన్నెందుకు రమ్మన్నావురా?"

"బయటివాళ్లయితే మొదటిసారికే గొడవ చేసేవాళ్లు. నువ్వైతే సర్దుకుంటావని..."

నట్టేట ముంచడానికి వీడికి సొంత అక్కే దొరికింది! వాడిమీద నాకున్న ప్రేమనంతా తెచ్చి ఆ కుళ్లు పైపుకి మూతగా పెట్టాడు. అక్కడే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోను తీసి ఓనరు నంబరు నొక్కాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దక్కా! నాకిక ఎవరూ పని ఇవ్వరు. నీ తమ్ముణ్ని కదా!"

"అందుకేరా ఇన్నాళ్లూ నమ్మింది," అని చెయ్యి విదిలించుకున్నాను.

అవతల ఓనరు, "చెప్పమ్మా," అన్నాడు.

"పైపు మా తమ్ముడే తప్పుగా కలిపాడండీ," అన్నాను వాణ్ని చూస్తూ. "తెలిసే కలిపాడు."