చుట్టి ఆరేలోపు

అచ్యుతుణ్ణి అనే కథకళి గురువు, అందరికీ ఆశాన్, చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వేలాయుధన్ ఆయన తలవైపు కూర్చుని, బియ్యప్పిండీ సున్నమూ కలిపిన ముద్దను దవడ వెంట వేలితో దిద్దుతున్నాడు. దాని మీద తెల్ల కాగితపు అంచు నిలబడుతుంది. దాన్నే చుట్టి అంటారు. అది ఆరి గట్టిపడేవరకు వేషగాడు నవ్వకూడదు, మాట్లాడకూడదు. కథకళిలో ఆశాన్‌కు అన్నిటికన్నా ఇష్టమైన సమయం ఇదే. ముఖాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టేసి, కాసేపు ఎవరూ కాకుండా ఉండిపోవటం.

ఆ మగతలోకి ఏళ్ల తరబడి ఒక ఏనుగు వస్తూ ఉండేది. ఆయన వేషం అడవిలో నడిచే వీరుడిది. ఆ వీరుడికి దారిలో నిద్రపోతున్న ఏనుగు కనిపిస్తుంది. కొండచిలువ దాని కాలు పట్టుకుంటుంది. సింహం నెత్తి మీదికి దూకుతుంది. చూసే వీరుడూ, చచ్చే ఏనుగూ, చంపే పామూ, సింహమూ అన్నీ ఆశాన్ ఒక్కడి దేహమే. ఆ చావు చూడటానికి పాలక్కాడు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. ఆశాన్ కాలు చిక్కుకుపోతే ముందు వరసలో ముసలివాళ్లు తమ కాళ్లు దగ్గరికి లాక్కునేవారు.

కొన్నేళ్ల కిందట ఆ ఏనుగుకు పేరు వచ్చింది. ఇవాళ వేషం కడుతున్న ఈ గుడి వెనక కొట్టంలోనే గుడి ఏనుగు మాధవన్‌కుట్టిని చూశాడు. గొలుసు ఒరుసుకుని ముందు ఎడమకాలికి పుండు పడింది. కనపడకుండా దాని మీద నూనెలో కలిపిన మసి పూశారు. ఏనుగు ఆ కాలిని నేలకు ఆనీ ఆనకుండా పెట్టి నిలబడి ఉంది. అప్పటినుంచి ఏ ఊరికి వేషానికి వెళ్లినా ఆశాన్ ముందు ఏనుగు దగ్గరికి వెళ్లేవాడు. నీడ ఉందా, నీళ్లున్నాయా, పాదాలు ఎలా ఉన్నాయో చూసేవాడు. బాగోకపోతే రంగు పూసుకునేవాడు కాదు. పశువైద్యుణ్ణి పిలిపించేదాకా కమిటీ వాళ్ల అరుగు మీద కూర్చునేవాడు. బళ్లకు వెళ్లి, ఏనుగు నొప్పిని ఎలా దాచుకుంటుందో పిల్లలకు చేతులతో చూపించేవాడు.

"ఆశాన్ వేషం విప్పటం మర్చిపోతున్నాడు," అనేవారు టీకొట్టు దగ్గర. "ఇంట్లో ఆవిడ తినటానికి పుట్టు పెడుతోందో, ఏనుగుకు వేసినట్టు తాటాకులు వేస్తోందో."

ఉత్సవ కమిటీ కార్యదర్శి భార్గవన్ మేనోన్ ఈ ఏడు దిగొచ్చాడు. ఏటా పుండు తిరగబెడుతున్న ఆ కాలు మానేదాకా మాధవన్‌కుట్టిని ఊరేగింపుకు కట్టరు. బదులుగా ఆశాన్, మోకాళ్లు మొరాయిస్తున్నా సరే, ఏనుగు ఘట్టం తానే ఆడతాడు. అదీ ఒప్పందం.

ఇప్పుడు మగతలో ఏనుగు వస్తోంది. మూడు అడుగుల చప్పుడు, తర్వాత ఒక ఖాళీ. మళ్లీ మూడు, మళ్లీ ఖాళీ. ఆశాన్ ఆ ఖాళీలోకి జారాడు. లోపల అడవి ఉంది. ఆకుల వెలుగు నీళ్లలా ఊగుతోంది. ఏనుగు ఆయన వైపే వస్తోంది, దాని వెనక ఇనుము నేల మీద ఈడ్చుకుంటోంది. ఈ ఏనుగుకు ఎప్పుడూ గొలుసు ఉండదే, అనుకున్నాడు. నా నిద్రలోకి దీన్ని ఎవరు తెచ్చారు?

చప్పుడు కిటికీ అవతల నుంచి వస్తోంది.

"వేలాయుధా, ఆశాన్ మెలకువగా ఉన్నాడా?" మేనోన్ గొంతు.

"ఉన్నా మీకు జవాబు రాదు. చుట్టి ఆరలేదు."

"జవాబుతో నాకేం పని, చెవులుంటే చాలు. ఆశానే, బదులు రావలసిన త్రిశ్శూరు ఏనుగు రాలేదు. లారీ చెడిపోయిందట. దేవుణ్ణి లోపల కూర్చోబెట్టలేం కదా. మాధవన్‌కుట్టి ఒక్క ప్రదక్షిణ చేసొస్తాడు. మీకు చెప్పలేదనే మాట నాకొద్దు."

ఆ ఊళ్లో పుట్టినవాడికే నోరు మెదపలేని ఈ వేళ ఎంచుకోవటం తెలుస్తుంది. ఆశాన్ కుడిచెయ్యి చాప మీంచి లేచింది. వేళ్లు ముడుచుకుని విచ్చుకున్నాయి. వద్దు. కాలు. నొప్పి.

"చెయ్యి దించండి ఆశానే. దవడ కదులుతోంది," అని విసుక్కున్నాడు వేలాయుధన్.

"ఏమంటున్నాడు?" అన్నాడు మేనోన్.

"మీకు తెలీదూ? మీ నాన్నగారు ముందు వరసలో కూర్చుని ఒక్క ముద్ర పోనిచ్చేవారు కాదు."

"ఆ చదువు ఆయనతోనే పోయింది. నోరు తెరిచి కాదనలేదు కదా, నాకది చాలు." చెప్పుల చప్పుడు దూరమైంది.

ఆశాన్ కదల్లేదు. లేస్తే చుట్టి పోతుంది. మధ్యాహ్నమంతా వేలాయుధన్ వంగిన నడుం ఎత్తకుండా చేసిన పని. సగం చుట్టితో చాప మీంచి లేచినవాడు ఆయన గురువుల్లో ఎవరూ లేరు. ఈ కారణాలన్నీ మంచివే. వాటి కింద ఇంకొకటి ఉంది, దాన్ని ఆయన కళ్లు మూసుకునే చూశాడు. ఆయనకు పడుకునే ఉండాలని ఉంది. లోపలి ఏనుగు ప్రతిసారీ అందంగా చచ్చిపోయి, చప్పట్ల మధ్య లేచి నిలబడుతుంది. దానికి చీము కారదు, వాసన రాదు. దాన్ని ప్రేమించటం ఎంత సుఖం. బయటిదాన్ని ప్రేమించాలంటే ఎండలోకి వెళ్లాలి, మేనోన్‌తో గొడవపడాలి. ఇన్నేళ్లూ తను కొట్టాల చుట్టూ తిరిగింది ఏ ఏనుగు కోసమో ఆయనకే తెలియలేదు. అడవిలో వెలుగు ఇంకా ఊగుతోంది. పడుకో, అంటోంది.

బయట మళ్లీ మూడు అడుగులు వినిపించాయి. ఖాళీ ఈసారి పొడుగ్గా ఉంది.

ఆశాన్ లేచి కూర్చున్నాడు.

"ఆశానే, ఏంటిది?" వేలాయుధన్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఒక దవడకు తెల్ల అంచు, రెండో దవడ ఖాళీ, నుదుటి మీద గీతలు, నడుముకు పాత ముండు పంచె. ఆ అవతారంతో ఆయన గుడి ముంగిట్లోకి నడిచాడు. ఎండ కళ్లలో గుచ్చుకుంది. చెండ డోళ్లు ఒక్కొక్కటే తడబడి ఆగాయి. మాధవన్‌కుట్టి నుదుటికి బంగారు పట్టం కట్టారు. పక్కన మావటి సుగతన్ దాని చెవి పట్టుకుని నిలబడ్డాడు.

ఆశాన్ నోరు తెరిచాడు. చుట్టి పగిలి పెళ్లలుగా ఛాతీ మీద రాలింది.

"సుగతా, పట్టం విప్పు."

"నన్నెందుకు ఇరికిస్తారు ఆశానే? విప్పితే రేపు నాకు కూడెవరు పెడతారు?"

"కాలు చూశావా?"

"రోజూ కడిగేది నేనే. మీరు వచ్చి చూసి వెళ్తారు, నేను దాని పక్కన పడుకుంటాను."

ఆశాన్‌కు ఆ మాట తగలవలసిన చోట తగిలింది. "అయితే నువ్వే చెప్పు. నడుస్తాడా?"

సుగతన్ ఏనుగు చెవి నిమిరాడు. "నడవమంటే నడుస్తాడు," అన్నాడు. "వాడికి కాదనటం రాదు. అదే వాడితో చిక్కు." అని వెనక్కి తిరిగి ముడి విప్పటం మొదలుపెట్టాడు.

మేనోన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మరి దేవుణ్ణి ఎవరు మోస్తారు? మీరా, ఆశానే?"

గుమ్మంలో ఉత్సవమూర్తిని పట్టుకుని ఇందాకటినుంచి నిలబడ్డ ముసలి పూజారి నంబూద్రి విసుగ్గా అన్నాడు: "నా నెత్తికేమైంది మేనోనూ? ఏనుగుల్లేని రోజుల్లో మా తాత మోయలేదూ? చేతులు పడిపోతున్నాయి, దారి ఇవ్వు."

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మేనోన్‌ను పక్కకి జరిపింది. నంబూద్రి మూర్తిని తలకెత్తుకుని వాద్యాల ముందు నడిచాడు, కొంచెం వంకరగా, చాలా శ్రద్ధగా.

చుట్టి మళ్లీ పెట్టటం కుదరదన్నాడు వేలాయుధన్. ఒరుసుకుపోయిన చర్మం ఈ పూట రెండోసారి సున్నాన్ని ఓర్చుకోదు. కోపంగానే కొబ్బరినూనె తెచ్చి ఆశాన్ దవడకు రాశాడు. ఆ సాయంత్రం ఇంకొకరు వీరుడి వేషం కట్టి, ఏనుగు ఘట్టం లేకుండానే ఆట మొదలైంది.

కొట్టంలో సుగతన్ పసుపునీళ్ల బకెట్ పెట్టి, పుండు కడగటానికి గుడ్డ ఒకటి ఆశాన్ చేతికిచ్చాడు. "మెల్లగా. ముందు మీ వాసన పట్టనివ్వండి." తొండం వచ్చి ఆయన మెడ దగ్గర ఆగింది. వెచ్చటి ఊపిరి. దూరంగా వేదిక మీద చెండ మోగింది, వీరుడు అడవిలోకి అడుగుపెట్టే దరువు. ఆశాన్ చేతులు వాటంతటవే గాలిలోకి లేచాయి. ఏనుగు ఆ చేతుల వంక చూసి, అర్థం కానట్టు చెవులాడించింది.

ఆశాన్ చేతులు దించి, గుడ్డను నీళ్లలో ముంచాడు.